వెలగని లైటు దగ్గరే పాఠం మొదలు

మహాశివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్లకు వెళ్లొచ్చినవాళ్లకు ప్రభల సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి పోటీలు పడి తరలివచ్చే ఆ పెద్ద పెద్ద ప్రభల మీద రాత్రంతా లైట్లు పైనుంచి కిందికి, అంచుల వెంట చుట్టూ పరుగులు పెడుతుంటాయి. జనం ముందు నిలబడి చూస్తారు. నాలాంటివాడు వెనక్కి వెళ్లి, జనరేటరు పక్కన కూర్చున్న కుర్రాడి ముందున్న పెట్టెలోకి తొంగి చూస్తాడు. ఒకప్పుడు అలాంటి పెట్టెలో చిన్న మోటారు, అది తిప్పే డ్రమ్ము, డ్రమ్ము మీద రాగి రేకులు ఉండేవి. డ్రమ్ము తిరిగేకొద్దీ రేకులు ఒక్కో తీగనూ తాకేవి, ఆ వరస లైట్లు వెలిగేవి. ఇప్పుడు ఆ చోట వేలెడంత బోర్డు, దాని మీద రెండు మూడు ఐసీలు. ఎలక్ట్రానిక్స్ ఎక్కడో హైదరాబాదులో, బెంగళూరులో ఉంటుందనుకునే పల్నాడు కుర్రాళ్లకు నేను ముందు ఆ పెట్టె సంగతే చెబుతాను.

నరసరావుపేటలో రేడియోలు, టీవీలు బాగుచేసే షాపు నడిపినవాణ్ని నేను. టీవీ పాడైతే బాగుచేయించుకునే రోజులు పోయి, కొత్తది కొనుక్కునే రోజులొచ్చాక పని తగ్గింది, తీరిక పెరిగింది. ఆ తీరికలో, ఎలక్ట్రానిక్స్ సరదాగా నేర్చుకోవాలనుకునేవాళ్ల కోసం ఆదివారాలు వర్క్‌షాపులు పెడుతుంటాను. ఇంజనీరింగ్ పిల్లలు, హైస్కూలు పిల్లలు, సైన్సు మాస్టార్లు, మైకుసెట్టువాళ్లు, పాత రేడియో పారేయడానికి మనసొప్పని రిటైర్డు ఉద్యోగులు వస్తారు. సర్టిఫికెట్టు ఇవ్వను, ఉద్యోగం వస్తుందనీ చెప్పను. ‘మా ఊళ్లోనూ పెట్టాలంటే ఎలాగండీ?’ అని మాచర్ల నుంచి, గురజాల నుంచి, పిడుగురాళ్ల నుంచి అడుగుతున్నారు. వాళ్ల కోసమే ఇది.

చాలామంది వర్క్‌షాపు ప్లానంటే సామాను జాబితా అనుకుంటారు. సామానుదేముంది, డబ్బులుంటే వస్తుంది. పదహారు మందిని కూర్చోబెట్టి పదహారు సర్క్యూట్లు కట్టిస్తే, మొదటిసారి బ్యాటరీ తగిలించగానే సగానికి సగం వెలగకపోవచ్చు. ఆ వెలగని సగంతో ఏం చేస్తారన్నదే అసలు ప్లాను. హాలు, తేదీ, సాయం పట్టే మనుషులు, భోజనం టైము, అన్నీ ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతాయి.

పరుగెత్తే పది లైట్లు

మొదటి వర్క్‌షాపుకు ప్రాజెక్టు ఒక్కటే ఉండాలి. నా ఓటు రన్నింగ్ లైట్లకు. పది ఎల్‌ఈడీలు ఒకదాని తర్వాత ఒకటి వెలుగుతూ పోతాయి. ప్రభ మీద చూసిందే, అరచేతిలో. దీనికి రెండే ఐసీలు కావాలి: 555 టైమరు, 4017 కౌంటరు.

555ను తయారుచేసింది హాన్స్ కామెన్‌జిండ్. స్విట్జర్లాండులో పుట్టి అమెరికా వెళ్లిన ఇంజనీరు. 1971లో సిగ్నెటిక్స్ కంపెనీ కోసం డిజైను చేస్తే, 1972లో బజారులోకి వచ్చింది. మొదటి డిజైనుకు తొమ్మిది కాళ్లు కావాల్సివచ్చాయి. లోపల ఒకచోట ఉన్న కరెంటు సోర్సు తీసేసి మామూలు రెసిస్టరుతో పని జరిపించవచ్చని ఆయనకు తట్టింది. దాంతో ఒక కాలు తగ్గి, ఎనిమిది కాళ్ల చిన్న ప్యాకింగులో ఇమిడిపోయింది. యాభై ఏళ్లు దాటిపోయినా ఇప్పటికీ తయారవుతూనే ఉంది, పది రూపాయలకు అటూ ఇటూగా దొరుకుతూనే ఉంది.

పనిచేసే తీరు పదో తరగతి పిల్లాడికి అర్థమయ్యేదే. ఒక కండెన్సరు రెసిస్టర్ల గుండా మెల్లగా నిండుతుంది. బ్యాటరీ ఓల్టేజిలో మూడింట రెండు వంతులకు, అంటే 9 ఓల్టుల బ్యాటరీ అయితే 6 ఓల్టులకు చేరగానే 555 దాన్ని ఖాళీ చేయడం మొదలుపెడుతుంది. 3 ఓల్టులకు దిగగానే మళ్లీ నిండనిస్తుంది. ఇలా నిండుతూ ఖాళీ అవుతూ ఉన్నంతసేపూ ఐసీ మూడో కాలు దగ్గర ఓల్టేజి లేస్తూ పడుతూ ఉంటుంది. ఒక్కో లేవడాన్నీ మేం ఒక దెబ్బ అంటాం.

ఆ దెబ్బలు 4017కు వెళతాయి. దానికి పదహారు కాళ్లు, అందులో పది లైట్లకు. పెళ్లి బంతిలో వడ్డించే మనిషి ఒక విస్తరి దగ్గర వంగి, లేచి, పక్క విస్తరికి జరిగినట్టు, దెబ్బ పడినప్పుడల్లా ఒక లైటు ఆర్పి పక్కదాన్ని వెలిగిస్తుంది. పదోది అయ్యాక మళ్లీ మొదటికి. తిరకాసల్లా ఆ పది కాళ్లూ వరసగా ఉండకపోవడమే: 3, 2, 4, 7, 10, 1, 5, 6, 9, 11. కాగితం చూడకుండా అంచనా మీద తీగలు పెట్టినవాడి లైట్లు నడవవు, గెంతుతాయి.

వేగం లెక్క కూడా చేతిలోదే. మొదటి రెసిస్టరు విలువకు రెండోదాని విలువను రెండింతలు చేసి కలపాలి. దాన్ని కండెన్సరు విలువతో గుణించాలి. వచ్చినదానితో 1.44ను భాగిస్తే సెకనుకు ఎన్ని దెబ్బలో తెలుస్తుంది. మొదటిది 10 కిలోఓములు, రెండోచోట 1 కిలోఓముకు వరసలో 100 కిలోఓముల వాల్యూమ్ కంట్రోలు, 10 మైక్రోఫారడ్ల కండెన్సరు పెట్టామనుకోండి. కంట్రోలు ఒక కొసకు తిప్పితే సెకనుకు 12 దెబ్బలు, సెకను తిరక్కముందే ఒక చుట్టు పూర్తి. రెండో కొసకు తిప్పితే ఒక్కో లైటూ సెకనున్నరకు దగ్గరగా ఆగుతుంది, చుట్టు తిరగడానికి దాదాపు 15 సెకన్లు. కంట్రోలు తిప్పుతూ లైట్లు వేళ్ల మాట వినడం చూసినప్పుడు పెద్దవాళ్లు కూడా చిన్నపిల్లలైపోతారు.

చురుకైనవాళ్లు ఎప్పుడూ ఒక ప్రశ్న అడుగుతారు: పది ఎల్‌ఈడీలకూ కలిపి ఒక్క రెసిస్టరేనా? ఒక్కటే. ఏ క్షణంలోనైనా వెలిగేది ఒక్క లైటే కాబట్టి అన్నిటి కరెంటూ ఆ ఒక్క 470 ఓముల గుండా పోతే చాలు. ఎర్ర ఎల్‌ఈడీ దాదాపు 2 ఓల్టులు తీసుకుంటుంది. మిగిలిన 7 ఓల్టులకు లెక్కకడితే 15 మిల్లీఆంపియర్లు వస్తుంది. 4017 అంత ఇవ్వలేదు, ఇచ్చినదాంతోనే వెలుగు సరిపోతుంది. ఈ ప్రశ్న ఎవరూ అడక్కపోతే నేనే అడుగుతాను.

‘ఇంకా ఈ పాత ఐసీలేమిటండీ, ఆర్డినో పెట్టండి’ అంటారు కొందరు. ఇటలీలోని ఇవ్రియాలో 2005లో పుట్టిన, ప్రోగ్రాము రాసి నడిపే ఆ బోర్డు ప్రపంచంలో ఎందరికో ఎలక్ట్రానిక్స్ దగ్గర చేసింది, కాదనను. కానీ మొదటి రోజే పెడితే ప్రతివాడికీ ల్యాప్‌టాప్ కావాలి. చౌక బోర్డులకు వేరే డ్రైవరు ఎక్కించాలి. ఒకరి ప్రోగ్రాము పదిమంది కాపీ కొడతారు. లైటు వెలగకపోతే తప్పు తీగలో ఉందో, ప్రోగ్రాములో ఉందో, కేబులులో ఉందో తేలదు. 555లో ప్రోగ్రాము లేదు, తప్పు ఎక్కడున్నా బల్ల మీదే ఉంటుంది. ఆర్డినో రెండో మెట్టు.

పుష్యమాసంలో కల్యాణమండపం

ఎండల వార్త వచ్చినప్పుడల్లా రెంటచింతల పేరు వినపడే జిల్లా మనది. వేసవి సెలవుల్లో పెడదామని ఎవరన్నా అంటే వద్దనండి. ఫ్యాను వేస్తే సోల్డరింగ్ ఐరన్ బిట్టు చల్లారుతుంది, కాగితాలు ఎగురుతాయి. ఫ్యాను ఆపితే మనుషులు ఆగరు. చలికాలమే మేలు. అందులోనూ పుష్యమాసం మరీ మేలు. శూన్యమాసమని పెళ్లిళ్లు పెట్టుకోరు, కల్యాణమండపాలు ఖాళీగా ఉంటాయి, అద్దె బేరం కుదురుతుంది. సంక్రాంతికి ఇంటికొచ్చిన కాలేజీ పిల్లలు ఊళ్లోనే ఉంటారు. శివరాత్రికి ఇంకా వ్యవధి ఉంటుంది కాబట్టి ప్రభలకు లైటింగు కట్టే కుర్రాళ్లకూ తీరుబాటే. మిరప కోతలు మొదలయ్యే రోజులు గనుక పొలం ఉన్న ఇళ్ల పిల్లల్ని మాత్రం ముందే అడిగి తారీకు ఖాయం చేయాలి.

స్కూలు గది ఉచితంగా దొరుకుతుంది కదా, మండపమెందుకంటారా? బెంచీలు ఏటవాలుగా, ఇరుగ్గా ఉంటాయి. వాటి మీద పెట్టిన ఐసీ నిమిషంలో కింద ఉంటుంది. మండపంలో భోజనాల హాలు బల్లలు చదునుగా, పొడుగ్గా, ఎదురెదురు కూర్చునేలా ఉంటాయి. పైన పరిచే కాగితం చుట్ట కూడా అక్కడే దొరుకుతుంది. పని అయ్యాక కాగితం చుట్టేస్తే తెగిన తీగ ముక్కలన్నీ దాంతోపాటే పోతాయి.

హాలు చూడ్డానికి వెళ్లినప్పుడు ప్లగ్గులు లెక్కపెట్టి ఊరుకోకండి. ఎర్తు ఉందో లేదో ఎలక్ట్రీషియన్ చేత చూపించండి. బోర్డులో ఆర్‌సీసీబీ ఉందా అని అడగండి. 30 మిల్లీఆంపియర్ల లీకేజీకే కరెంటు కట్ చేసే ఆ చిన్న స్విచ్చు ప్రాణాలు కాపాడుతుంది. కరెంటు పోతే ఏమిటన్నదీ ముందే చూసుకోవాలి. మన సర్క్యూట్లు బ్యాటరీల మీద నడిచేవే, వాటికి ఢోకా లేదు. 25 వాట్ల ఐరన్లు ఎనిమిది పెట్టినా మొత్తం 200 వాట్లే, ఇంట్లో వాడే మామూలు ఇన్వర్టరు మోస్తుంది.

టైము పదింటి నుంచి నాలుగింటి దాకా. మాచర్ల నుంచి వచ్చేవాళ్లకు బస్సులోనే రెండు గంటల పైన పోతుంది. నాలుగింటికి వదిలితే చీకటి పడకముందే చాలామంది ఊరు చేరతారు. ఆడపిల్లల్ని పంపే తల్లిదండ్రులు ఏం నేర్పుతారని అడిగేముందు ఎన్నింటికి వదులుతారని అడుగుతారు. దానికి సరైన జవాబుంటే సగం సీట్లు అమ్మాయిలతో నిండుతాయి.

సామాను, డబ్బు

పదహారు మందికి మించి తీసుకోవద్దు. నలుగురికో బల్ల, బల్లకు ఇద్దరు సాయం మనుషులు. కిట్లు మాత్రం ఇరవై కట్టండి. ఐసీ కాళ్లు విరుగుతాయి, ఎల్‌ఈడీలు రెసిస్టరు లేకుండా బ్యాటరీకి తగిలించి మాడుస్తారు, కండెన్సరు ఎవరి జేబులోకో పోతుంది.

చిల్లర సామాను ఊళ్లో వెతికితే కొన్ని దొరుకుతాయి, కొన్ని దొరకవు. నేను హైదరాబాదు వెళ్లే పనిబడ్డప్పుడు కోఠి గుజరాతీ గల్లీలో ఒకేసారి తెచ్చుకుంటాను. చెన్నై వైపు వెళ్లేవాళ్లకు రిచీ స్ట్రీట్ ఉంది. ఆన్‌లైనులోనూ వస్తాయి గానీ, కొరియరు ఆలస్యమైతే ఆదివారం ఆగదు కాబట్టి పదిహేను రోజుల ముందే ఆర్డరు పెట్టాలి. వచ్చిన ఐసీలన్నిటినీ ముందే ఒక బోర్డులో పెట్టి పరీక్షించాలి. కిట్‌లో ఐసీయే పాడైందంటే నేర్చుకునేవాడు తన తెలివినే అనుమానిస్తాడు.

ఒక మనిషికయ్యే సామాను: బ్రెడ్‌బోర్డు (అతకకుండా తీగలు గుచ్చి సర్క్యూటు కట్టే పలక), 555, 4017, పన్నెండు ఎల్‌ఈడీలు, నాలుగైదు రెసిస్టర్లు, రెండు కండెన్సర్లు, వాల్యూమ్ కంట్రోలు, 9 ఓల్టుల బ్యాటరీ, దాని క్లిప్పు, తీగలు, రెండో వారానికి జీరో బోర్డు (సోల్డరుతో అతికించే చిల్లుల బోర్డు). రకాన్నిబట్టి రెండు వందల యాభైకి కాస్త అటూ ఇటూగా అవుతుంది. ఇవికాక బల్లకో మల్టీమీటరు, రెండు ఐరన్లు, ఒక కట్టరు, సోల్డరు పీల్చే పంపు ఉమ్మడి ఆస్తి. అవి ఒకసారి కొంటే ఏళ్లొస్తాయి.

ఫీజు పెట్టాలా? పెట్టాలి. ఉచితమంటే నలభై మంది పేర్లిస్తారు, పదిమంది వస్తారు. కిట్టు ఖరీదంత తీసుకోండి, కిట్టు వాళ్లకే ఇచ్చేయండి. సర్కారు బడి పిల్లలకు నాలుగు సీట్లు అట్టేపెట్టండి. వాళ్ల ఖర్చు భరించేవాళ్లు ఊళ్లో దొరుకుతారు, అడగడానికి మనం మొహమాటపడతాం గానీ.

గుమ్మంలో చెప్పులు విప్పొద్దు

230 ఓల్టులు బల్ల మీదికి రావు. ఇది మొదటి నియమం. ఐరన్లకు తప్ప దేనికీ ప్లగ్గు ఉండకూడదు. ‘పొలంలో మోటారు స్టార్టరుకు ఫోను తగిలించే బోర్డు చేయించండి’ అని రైతుబిడ్డలు అడుగుతారు. పనికొచ్చే కోరికే, కానీ త్రీఫేజు దగ్గర చేయి తడబడితే దిద్దుకునే అవకాశం ఉండదు. అది ఏళ్ల తరబడి చేయి తిరిగాక చేసే పని.

పాత టీవీలు, సీపీయూ పవర్ సప్లయిలు తెచ్చి ‘విడిభాగాలు పీకుదాం’ అనేవాళ్లుంటారు. పవర్ సప్లయిలో మొదట ఉండే పెద్ద కండెన్సరు మన కరెంటు మీద దాదాపు 325 ఓల్టులకు నిండుతుంది. ప్లగ్గు పీకినా కొంతసేపు అలాగే ఉంటుంది. అలాంటివి గుమ్మం బయటే ఆపేయండి. ఉబ్బిన ఫోను బ్యాటరీలూ అంతే.

మనవాళ్లు ఎక్కడికెళ్లినా గుమ్మంలో చెప్పులు విప్పుతారు. ఇక్కడ విప్పొద్దని బోర్డు రాసి పెట్టాలి. కరిగిన సోల్డరు బొట్టు కాలి మీద పడితే తెలుస్తుంది. చున్నీలు, పమిట చెంగులు పిన్ను పెట్టుకోవాలి, జుట్టు ముడేసుకోవాలి. తీగ కొస కట్ చేసేటప్పుడు తెగే ముక్కను వేళ్లతో పట్టుకోవాలి, లేకపోతే అది ఎదుటివాళ్ల కంట్లోకి ఎగురుతుంది.

సోల్డరులో సీసం ఉంటుంది. 60 పాళ్లు తగరం, 40 పాళ్లు సీసం కలిసిన తీగ 183 డిగ్రీల దగ్గర మెత్తబడటం మొదలవుతుంది. ఐరన్ వేడికి సీసం ఆవిరై ముక్కులోకి పోతుందని భయపడతారు. అంత వేడి అక్కడ ఉండదు. లేచే పొగ సోల్డరు తీగ లోపలుండే ఫ్లక్సుది, అదీ గొంతుకు మంచిది కాదు కాబట్టి కిటికీలు తీసి ఉంచాలి. సీసం వెళ్లే దారి చేతుల నుంచి నోటికి. అందుకే సబ్బుతో చేతులు కడుక్కోనిదే ఎవరికీ విస్తరి వేయకూడదు. మన బల్లలు భోజనాల బల్లలే అయినా ఆ రోజు వాటి మీద టీ గ్లాసు కూడా పెట్టనివ్వను. తిండి వరండాలోనే.

సూత్రం ఒకరిది, చేయి ఒకరిది

సాయం మనుషులుగా ఎవర్ని పిలవాలి? అందరికీ మొదట గుర్తొచ్చేది కాలేజీ. మన జిల్లాలో ఇంజనీరింగ్ పిల్లలకు కొదవలేదు. నరసరావుపేటలోనే 2016లో జేఎన్‌టీయూ కాలేజీ వచ్చింది, ప్రైవేటు కాలేజీలు అంతకు ముందునుంచే ఉన్నాయి. వాళ్లకు లెక్క వచ్చు. కానీ చచ్చిన బోర్డు ముందు పెడితే చాలామంది లెక్క మళ్లీ మొదటినుంచి చేస్తారు. మైకుసెట్టు మెకానిక్కు లెక్క రాకపోవచ్చు, తప్పు వాసన పడతాడు. బల్లకు ఇద్దర్నీ వేయండి.

ఒకసారి ఫైనలియర్ అమ్మాయి బోర్డులో లైట్లు నడవడం లేదు. ఒకటి రెండు మినుకుమంటున్నాయి, అంతే. ఫోనులో కాలిక్యులేటరు తీసి చూపించింది.

“లెక్క ప్రకారం సెకనుకు ఆరు దెబ్బలు రావాలి బాబాయ్!”

“వస్తయిలే అమ్మా. ముందు కరెంటు ఎక్కడిదాకా వచ్చిందో చూద్దాం” అన్నాడు మైకుసెట్టాయన.

మీటరు నల్ల తీగను బ్యాటరీ మైనస్‌లో పెట్టించాడు. ఎర్ర తీగతో ఒక్కో చోటా తాకించాడు. బ్యాటరీ దగ్గర 9 ఓల్టుల పైన. 555 ఎనిమిదో కాలు దగ్గర అంతే. మూడో కాలు దగ్గర అంకె లేస్తూ పడుతూ ఉంది, అంటే టైమరు బాగానే ఉంది. 4017 పదహారో కాలు దగ్గర 9 రావాలి. అక్కడ అంకె నిలవడం లేదు, అరకొరగా ఊగుతోంది. ఆయన బోర్డు మధ్యలో గోటితో గీశాడు. కొన్ని పొడుగు బ్రెడ్‌బోర్డుల్లో అంచున ఉండే ఎర్ర గీత, నీలం గీత పట్టీలు లోపల సగంలో తెగి ఉంటాయి. చిన్న తీగ ముక్కతో కలపాలి. ఆ అమ్మాయి నీలం వైపు కలిపింది, ఎర్ర వైపు వదిలేసింది. తీగ పెట్టగానే లైట్లు బారులు తీరాయి.

“మరి కరెంటే లేకపోతే ఆ కాస్త ఓల్టేజి ఎక్కడిది?” అని ఆయనే అడిగాడు. ఆయనకు తప్పు దొరికింది గానీ కారణం దొరకలేదు. ఆ అమ్మాయి ఆలోచించి చెప్పింది: 555 పంపే దెబ్బ 4017 పద్నాలుగో కాలు గుండా వెళ్లి, లోపల రక్షణకు పెట్టిన డయోడు దారిన పవర్ కాలికి చేరుతోందని. ఆయన తలూపి, ‘ఇన్నేళ్లూ యాంప్లిఫయరు బోర్డుల్లో చూస్తున్నా, ఎందుకో ఇప్పుడు తెలిసింది’ అన్నాడు. ఇద్దర్నీ ఒకే బల్లకు వేయమన్నది ఇందుకే.

మధ్యాహ్నం ఆట

పొద్దున్న సిద్ధాంతం చెప్పకండి. పదిన్నరకల్లా ప్రతివాడి బోర్డులో ఒక ఎల్‌ఈడీ వెలగాలి. పదకొండున్నరకు 555తో అది మిణుకుమిణుకుమనాలి. భోజనానికి లేచేలోపు పది లైట్లూ కుదిరినవాళ్లకు కుదురుతాయి, కుదరనివాళ్లకు సాయం దొరుకుతుంది. మధ్యాహ్నం మొత్తం తప్పులు వెతకడానికే వదిలేయండి. వదిలేయండంటే ఖాళీగా కాదు. నేర్చుకునేవాళ్లు వరండాలో భోంచేస్తుండగా సాయం మనుషులు ప్రతి బోర్డులోనూ ఒక తప్పు పెట్టాలి. తిరిగొచ్చాక ఎవరి బోర్డు వాళ్లకివ్వకుండా పక్క బల్లకు మార్చాలి.

ఐసీ మాడే తప్పు పెట్టకూడదు. ఒక ఎల్‌ఈడీకి వచ్చే తీగ పీకేయండి, పదింట్లో ఒక లైటు మాత్రం రాదు. 15వ కాలును ప్లస్‌కు కలపండి, మొదటి లైటు దగ్గరే ఆగిపోతుంది, ఎందుకంటే అది మళ్లీ మొదటికి పంపే కాలు. కండెన్సరు పదింతలు పెద్దది పెట్టండి, లైట్లు నత్తనడక నడుస్తాయి. చూడ్డానికి అన్నీ ‘పాడైపోయినట్టే’ ఉంటాయి, కానీ ఒక్కో తప్పుకూ ఒక్కో లక్షణం. లక్షణం నుంచి తప్పుకు వెళ్లడం అలవాటైనవాడు రేపు ఇంట్లో మిక్సీ ఆగినా, ఇన్వర్టరు కూసినా ఊరికే తట్టి చూడడు.

నాకు బాగా నచ్చేది 13వ కాలు తప్పు. అది మైనస్‌కు కలిసి ఉండాలి. తీసేసి గాల్లో వదిలేస్తే లైట్లు ఒకసారి పరిగెడతాయి, ఒకసారి బిగుసుకుపోతాయి. చేయి దగ్గరికి తెస్తే ఒకలా, తీస్తే ఒకలా. గాలి సోకిందేమో అంటారు పిల్లలు. ఆట అయ్యాక అసలు సంగతి చూపిస్తాను: 14వ కాలి నుంచి 555 తీగ తీసేసి, ఆ కాలిని వేలితో తాకమంటాను. గోడల్లో, ఫ్యానులో పారే కరెంటు ప్రభావం మన ఒంటి మీదుగా ఆ కాలికి చేరుతుంది. మన కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది. లైట్లు పది. సెకనుకు అయిదు చుట్లు గిర్రున తిరుగుతాయి. బ్యాటరీ తప్ప ఏ తీగా తగలని బోర్డు మీద గోడలోని కరెంటును కళ్లతో చూడడం అంటే పిల్లలకు గారడీయే. కాళ్లను గాల్లో వదలకూడదన్న మాట ఆ తర్వాత ఎవరూ మర్చిపోరు.

రెండో ఆదివారం

సోల్డరింగు మొదటి రోజే పెట్టొద్దు. వారం రోజులు బ్రెడ్‌బోర్డు ఇంట్లో తిప్పుకొని, తమ్ముళ్లకు చూపించి, రెండో ఆదివారం అదే సర్క్యూటును జీరో బోర్డు మీద శాశ్వతంగా అతికించాలి. బిట్టును ముందు కాలికీ రాగి చుక్కకూ కలిపి ఆనించి, రెండూ వేడెక్కాక సోల్డరు తీగ అక్కడ పెట్టాలి. కొత్తవాళ్లు బిట్టుకే సోల్డరు పూసి దాన్ని అతుకు మీద రుద్దుతారు. అది బంతిలా నిలబడుతుంది, లోపల అంటదు. దీన్నే మా మెకానిక్కులు డ్రై సోల్డరంటారు. టీవీ తట్టగానే బొమ్మ రావడం, మళ్లీ పోవడం, మా షాపులకు ఏళ్ల తరబడి అన్నం పెట్టిన జబ్బు అదే. మంచి అతుకు చుట్టూ అంచు వాలుగా దిగి నిగనిగలాడుతుంది. ఐసీని నేరుగా అతికించకుండా సాకెట్టు పెట్టించండి, తేడా వస్తే పీకి మార్చొచ్చు.

తర్వాత?

రెండు ఆదివారాలతో ఎవరూ ఇంజనీరు కారు. నెలకోసారి కలుసుకునే చోటు ఒకటుంటే ఆ సరదా బతుకుతుంది. అందుకు కొత్తగా కట్టాల్సిన పనిలేదు. 2016లో మొదలైన అటల్ ఇన్నొవేషన్ మిషన్ కింద ఎంపికైన స్కూళ్లకు ఒక్కోదానికి 20 లక్షల రూపాయల దాకా ఇచ్చి, ఆరు నుంచి పన్నెండో తరగతి పిల్లల కోసం టింకరింగ్ ల్యాబులు పెట్టించారు. మీ దగ్గర్లో ఉంటే హెడ్మాస్టరుగారిని కలవండి. నేర్పే మనిషి లేక కొన్నిచోట్ల ఆ సామాను బీరువాల్లోనే ఉంటోంది. వారానికో పూట వచ్చే మెకానిక్కు దొరికితే వద్దనరు. పల్లెలో ఇలాంటివి నడుస్తాయా అంటారా? మహారాష్ట్రలో పాబల్ అనే ఊళ్లో డాక్టర్ కల్బాగ్ 1983లో మొదలుపెట్టిన విజ్ఞాన్ ఆశ్రమం ఉంది. అమెరికాలోని ఎంఐటీవాళ్లు, వస్తువులు సొంతంగా తయారుచేసుకునే తమ ఫ్యాబ్ ల్యాబును బయటికి తెచ్చినప్పుడు, 2002లో, మొదట పెట్టిన చోట్లలో ఆ పల్లెటూరు ఒకటి. పల్లె పిల్లలు పనిముట్లు తామే చేసుకునే బడి అప్పటికే అక్కడ నడుస్తోంది మరి. వైర్‌లెస్ మీద మోజు పుట్టినవాళ్లకు హైదరాబాదులో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచూర్ రేడియో ఉంది. 2004 డిసెంబరులో సునామీ వచ్చేనాటికి ఆ సంస్థ తరఫున భారతి ప్రసాద్ బృందం పోర్ట్‌బ్లెయిర్‌లో ఉంది. సరదాగా ప్రపంచంతో మాట్లాడేందుకు తీసుకెళ్లిన హామ్ రేడియో సెట్లతోనే, ఫోన్లు మూగబోయిన ఆ రోజుల్లో, అండమాన్ కబుర్లు బయటికి చేరవేశారు.

వర్క్‌షాపు బాగా జరిగిందా లేదా తేల్చుకోవడానికి ఫొటోలు చూడకండి, వెలిగిన బోర్డులు లెక్కపెట్టకండి. వెళ్లేటప్పుడు ప్రతివాణ్నీ ఒక్కటే అడగండి: ‘ఇంటికెళ్లాక ఇది ఆగిపోతే ముందు ఎక్కడ మీటరు పెడతావు?’ జవాబు చెప్పగలిగితే మీ ఆదివారం వృథా కాలేదు. మాచర్లలోనో గురజాలలోనో మొదలుపెట్టాలనుకునేవాళ్లు హాలు కోసం, చందాల కోసం తిరగడం తర్వాత చూసుకోవచ్చు. ముందు మీ ఊరి మైకుసెట్టు షాపుకు వెళ్లి, రెండు ఆదివారాలు ఇవ్వగలడేమో ఆయన్ని అడగండి. సరేనంటే తారీకు కూడా ఆయన్నే చెప్పమనండి. ఎందుకంటే పెళ్లిళ్ల సీజను మనకంటే ఆయనకే బాగా తెలుసు.